ఏడవని సత్తు గిన్నె

రత్నమ్మ స్నానం చేసి వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె లేదు. గిన్నె ఉండాల్సిన చోట బర్నరు చుట్టూ వెండి కరిగించి పోసినట్టు ఒక ముద్ద తళతళలాడుతూ పాకుతోంది. కోడలు సౌమ్య ఫోను చెవికి ఆనించుకుని, అవతలి మనిషి మాట్లాడుతున్నా పట్టించుకోకుండా దాన్నే చూస్తూ నిలబడి ఉంది.

రత్నమ్మ ముందు పొయ్యి కట్టేసింది.

"ఉత్త గిన్నె పెట్టినావా తల్లీ?"

"కడిగాను కదా, తడి ఆరుతుందని పెట్టాను అత్తయ్యా. ఇంతలో ఆఫీసు కాల్ వచ్చింది. సత్తు గిన్నే కదా, ఏమవుతుందిలే అనుకున్నా."

"సత్తు గిన్నె కాబట్టే కరిగె."

"మా గుంటూరులో సత్తు గిన్నె అంటే అల్యూమినియం అత్తయ్యా! దాని మీద నుంచి లారీ పోయినా ఏం కాదు."

ఈ కన్నడ ఊళ్ళోనే పాతపేట వైపు కాటన్‌పేటలో పుట్టి, కాటన్‌పేటలోనే రెండు వీధుల అవతలికి కాపురానికి వెళ్ళిన రత్నమ్మకు సత్తు అంటే తగరం. చారు కాచడానికి తప్ప ఇంకెందుకూ వాడరు దాన్ని. చింతపండు రసం పోశాకే పొయ్యి ఎక్కించాలి, చారు పొంగు రాగానే దించాలి. నీళ్ళు లేకుండా సెగ చూపిస్తే వెన్నలా కరిగి కూర్చుంటుంది. ఈ సంగతి ఇంట్లో ఆడపిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, చూస్తూ పెరుగుతారు. గుంటూరు నుంచి వచ్చిన సౌమ్య దేన్ని చూసి పెరిగిందో రత్నమ్మ ఎప్పుడూ అడగలేదు. ఒక మాట తనకు ఎట్లా అర్థమవుతుందో కోడలికీ అట్లాగే అర్థమవుతుందనుకుంది.

ఆ కరిగిన గిన్నె రత్నమ్మ అత్తగారు చౌడమ్మది. మనవరాలిని చూసుకోవడానికి ఊరి అవతలి కొస మహదేవపురలోని కొడుకు ఫ్లాటుకు వచ్చేటప్పుడు రత్నమ్మ కాటన్‌పేట ఇంటి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క పాత్ర. కరిగిన ముద్ద చల్లారాక గరిటెతో గీకి, పాత చీర గుడ్డలో మూట కట్టి తన పెట్టెలో పెట్టుకుంది. కోడల్ని ఒక్క మాట అనలేదు. ఒక్క మాటా మాట్లాడనూ లేదు. కొడుకు వినయ్ రెండు రోజులు చూసి, "గిన్నె పోయిందని మౌనవ్రతం పట్టినావేమ్మా, కర్మంతరం కూడా చెయ్యాలా?" అని నవ్వబోయాడు. ఆమె లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

శనివారం సౌమ్య ఎవరికీ చెప్పకుండా మెట్రో ఎక్కి పాతపేటకు పోయింది. పెళ్ళి చీరలు కొన్న తర్వాత ఆమె ఆ వైపు వెళ్ళడం అదే మొదటిసారి. పాత్రల అంగళ్ళ వీధిలో ఎండలో మధ్యాహ్నం దాకా తిరిగి, న్యూస్‌పేపరు చుట్టిన గిన్నె ఒకటి లాప్‌టాపు సంచిలో పెట్టుకుని వచ్చింది. ముఖమంతా చెమట. సంచి పట్టీ ఒరుసుకుని భుజం ఎర్రబడింది.

"ఇది అసలైందేనట అత్తయ్యా. అంగడాయన ఒట్టు పెట్టి చెప్పాడు. మీ గిన్నెకంటే బరువుగానే ఉంది, చూడండి."

రత్నమ్మ గిన్నె అందుకుంది. బరువుగానే ఉంది. మెరుపూ బాగుంది. చౌడమ్మ ఆమెకు ఒక పరీక్ష నేర్పింది. అసలైన సత్తు ఏడుస్తుంది. గిన్నె అంచును చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో కొంచెం వంచితే లోపలి నుంచి కిర్రుమని సన్నగా, గొంతు పూడుకుపోయిన పసిపిల్ల మూలిగినట్టు ఒక చప్పుడు వస్తుంది. "ఏడిస్తే ఇంటికి తేవాల, ఏడవకపోతే అంగట్లోనే పెట్టి రావాల" అనేది చౌడమ్మ. ఎందుకని అడిగితే ఆమెకూ తెలీదు. వాళ్ళత్త చెప్పిందట.

రత్నమ్మ వెలుతురులో చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగి, అంచు వంచింది. చప్పుడు రాలేదు. ఇంకోచోట వంచింది. గిన్నె వంగింది గానీ నోరు మెదపలేదు.

"బాగుందా అత్తయ్యా?"

వెనక్కి తిరిగి చూస్తే సౌమ్య చెప్పులు కూడా విప్పలేదు. బడిలో లెక్క చేసి పలక చూపించే పిల్లలా నిలబడి ఉంది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఈ అమ్మాయి తన కోసం ఇంత దూరం పోయి ఏదైనా తేవడం ఇదే మొదలు. ఏదో కొంచెం కల్తీ ఉంటుంది, రెండేళ్ళు తక్కువ వస్తుంది, అంతే కదా అనుకుంది రత్నమ్మ. ఈ మొహం చూసి ఏం చెప్పేది?

"బంగారం మాదిరి ఉండాది తల్లీ," అంది.

ఆ సాయంత్రం కొత్త గిన్నెలో చారు కాచింది. సౌమ్య రెండుసార్లు వడ్డించుకుంది. అత్తాకోడళ్ళు ఆ రోజు నవ్వుకున్నంతగా ఆ ఇంట్లో ఎప్పుడూ నవ్వుకోలేదు. లిఫ్టులో కలిసిన పక్క ఫ్లాటు ఆవిడ దగ్గర, కింద కూరలమ్మే ఆమె దగ్గర, వారానికోసారి ఫోను చేసే మరిది ఆంజనేయులు దగ్గర కూడా రత్నమ్మ చెప్పింది: "మా కోడలు తెచ్చింది సత్తు గిన్నె. తనే పోయి, తనే వెతికి."

ఆ చారు ఎక్కువగా తాగేది మనవరాలే. చైత్ర పేరు, చైతు అని పిలుస్తారు. నాలుగేళ్ళు నిండలేదు. వినయ్, సౌమ్య పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేది, తిండి ఆఫీసుల్లోనే. ఇంట్లో అవ్వా మనవరాలే. చైతుకు చారన్నం తప్ప ఇంకేదీ గొంతు దిగదు. అన్నం తిన్నాక గ్లాసుడు చారు తాగి, మూతి మీద మీసంతో "ఇంకా" అనేది. మిగిలింది రత్నమ్మ ఆ గిన్నెలోనే ఉంచేది. మర్నాటికి ఊరి, రుచి ఎక్కుతుందని.

చైతు నోరు మామూలు నోరు కాదు. అవ్వతో తెలుగు, ప్లేస్కూల్లో కన్నడ, అమ్మతో సగం ఇంగ్లీషు. ఒకరోజు భోజనం మధ్యలో చెంచా ఆపి అడిగింది.

"అవ్వా, సత్తు అంటే ఏంటి?"

"ఇదో, ఈ గిన్నె."

"కాదు. మా మిస్ చెప్పింది. కన్నడలో సత్తు అంటే చచ్చిపోయి. ఇరువె సత్తు హోయ్తు అంటే చీమ చచ్చిపోయింది. నీది చచ్చిపోయిన చారు!"

"ఏయ్, కోతీ. చారుకి ప్రాణముంటాదా చచ్చేదానికి?"

"ఉంటాది. గుడుగుడు అంటాది కదా పొయ్యి మీద!"

రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సాయంత్రం కొడుక్కీ కోడలికీ చెప్పి మళ్ళీ నవ్వింది. సౌమ్య పిల్లను ఒళ్ళోకి లాక్కుని, "ఇది లాయరవుతుంది అత్తయ్యా" అంది.

వానలు మొదలైనప్పుడు చైతుకు కడుపునొప్పి మొదలైంది. వస్తుంది, పోతుంది. విరేచనం కాదు. డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చాడు. ముఖం పాలిపోయింది. ఊరికే అరవడం, చేతిలో ఉన్నది విసిరికొట్టడం. సౌమ్య ఫోను చూపించడం మానేసింది. వినయ్ స్కూలు మార్చాలన్నాడు. రత్నమ్మ మిరపకాయలు దిగదుడిచి వేసింది. తనకూ కీళ్ళు లాగుతున్నాయి, పొత్తికడుపులో మెలిపెడుతోంది గానీ, ఈ వయసులో అవి లేనిది ఎవరికి?

తర్వాత మాటలు పోవడం మొదలైంది. దాన్ని మొదట కనిపెట్టింది రత్నమ్మే, పగలంతా పిల్లతో ఉండేది తనే కాబట్టి. బాల్కనీలోకి వచ్చే పావురాన్ని చూసి చైతు "అవ్వా, పావురం" అనేది కాస్తా "పా" అంది. కొన్నాళ్ళకి ఊరికే వేలు చూపించింది. కాకి కథ చెప్పి మధ్యలో ఆపితే తర్వాతిది తనే అందుకునే పిల్ల, ఆపితే ఆగినచోటే చూస్తూ కూర్చుంది. నిద్రమత్తు అనుకుంది రత్నమ్మ. బేజారు అనుకుంది. చివరికి, "బిడ్డకి సత్తువ లేదు" అని తీర్మానించుకుని, పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు చారు ఎక్కువ పట్టించింది. మిరియాలు దంచి, నెయ్యి వేసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నా తల్లి కదా, ఇంకొక్క గుటక" అని బతిమాలి.

ఒకరోజు పొద్దున పళ్ళు తోమిస్తుంటే చైతు కళ్ళు తేలేసి, కట్టెలా బిగుసుకుని, కొట్టుకుంది.

ఆసుపత్రిలో రెండు రోజులు ఏవేవో పరీక్షలు చేశారు. మూడో రోజు ఫర్హానా అనే పిల్లల డాక్టరమ్మ ముగ్గుర్నీ గదిలోకి పిలిచింది. ఆమెది కర్నూలు.

"రక్తంలో సీసం ఉందమ్మా," అంది. "లెడ్. పిల్లల్లో అస్సలు ఉండకూడదు. ఐదు దాటితేనే మేం కంగారుపడతాం. చైత్రకు ఎనభై ఉంది."

"సీసమా? అది ఎట్లా వస్తుంది డాక్టర్?" అన్నాడు వినయ్.

"తినేదాంట్లో, తాగేదాంట్లో, పీల్చేదాంట్లో. గోడల రంగు, బొమ్మలు, పసుపు, కాటుక, నీళ్ళు... ఎక్కడి నుంచైనా. ముందు ఒంట్లోది తీసేద్దాం. ఆ లోపల మీరు ఇంట్లో వెతకండి. అది ఎక్కడుందో దొరక్కపోతే నా మందు పని చెయ్యదు."

ఎక్కడుందో రత్నమ్మకు అప్పుడే తెలిసిపోయింది. మహదేవపుర. బయటికొచ్చాక వరండాలోనే కొడుకు మీద పడింది.

"ఆ ట్యాంకరు నీళ్ళురా! ఏ బోరుదో, ఏ ఫ్యాక్టరీ పక్కదో ఎవునికి తెలుసు? చెరువు చూస్తే సోపు నురుగు. రోడ్డు మీద దుమ్ము చూస్తే గోడ మాదిరి. మా కాటన్‌పేటలో ఇట్లా ఒక్క బిడ్డకి అయ్యిండేది విన్నావా? నిన్ను పెంచలేదా నేను?"

"అమ్మా, సుమ్నే ఉండు, ఊరుకో."

"ఉండను. బిడ్డని నాతో పంపించు. కావేరి నీళ్ళు తాగించి నేను సాకుతా."

సౌమ్య మర్నాడే ట్యాంకరు నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపింది. బొమ్మలన్నీ సంచుల్లో కట్టి పారేసింది. పసుపు, కారం డబ్బాలు వంచేసి కొత్తవి తెచ్చింది. గోడ రంగు గీకి ఇచ్చింది. నీళ్ళు బాగానే ఉన్నాయన్నారు. రంగులోనూ లేదన్నారు.

ఇంజెక్షన్లతో చైతు తేరుకుంది. ముఖంలో కాస్త రక్తం కనబడింది. ఇంటికి వచ్చే రోజు లిఫ్టులో, రత్నమ్మ కొంగు చివర పట్టుకుని, "అవ్వ" అంది. అంతే అంది. అందరూ అక్కడే ఏడ్చేశారు. రత్నమ్మ ఆ సాయంత్రమే స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, మిరియాల చారు కాచింది.

మూడు వారాల తర్వాత పరీక్షలో సీసం మళ్ళీ పైకి ఎగబాకింది. పిల్లను మళ్ళీ ఆసుపత్రిలో పెట్టుకున్నారు. డాక్టర్ ఫర్హానా ఈసారి కాగితాలు పక్కకు నెట్టి, రత్నమ్మకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఇక్కడ ఉంటే తగ్గుతోంది, ఇంటికెళ్తే పెరుగుతోంది. ఇక్కడ తిననిది ఇంట్లో ఏం తింటోంది పాప?"

"ఏం తింటాది డాక్టరమ్మా, పిడికెడు చారన్నం. అదే దాని ప్రాణం."

"చారు దేంట్లో కాస్తారు?"

"సత్తు గిన్నెలో," అంది రత్నమ్మ. ఎన్నిసార్లో చెప్పి చెప్పి అలవాటైన మాట, దాని వెనకే తోసుకుని వచ్చేసింది. "మా కోడలే తెచ్చింది."

డాక్టరమ్మ సౌమ్య వైపు చూడకుండా, "ఆ గిన్నె ఒకసారి తెప్పించండి" అంది వినయ్‌తో.

సత్తు పేరుతో అమ్మిన ఆ గిన్నెలో సగానికి పైగా సీసమే ఉంది. పులుపు తగిలితే సీసం ఊరుతుందని, వేడికి ఇంకా ఊరుతుందని, రాత్రంతా అందులోనే ఉంచితే మరీ ఎక్కువని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. రత్నమ్మను కూడా పరీక్ష చేయించుకోమంది. ఆమెకు అది వినబడలేదు. "ఇంకొక్క గుటక" అన్న తన గొంతే వినబడుతోంది.

"మాటలు?" అని అడిగాడు వినయ్.

"కొన్ని వస్తాయి. అన్నీ వస్తాయని నేను చెప్పలేను. ఇంత చిన్న పిల్లల్లో అది మెదడుదాకా వెళ్తుంది. ఇకమీదట వెళ్ళకుండా చూడగలం. వెళ్ళినదాన్ని..."

ఆ రోజు నుంచి సౌమ్య బిడ్డ మంచం దగ్గరికి పోవడం మానేసింది. వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండేది. వినయ్ అన్నం తెస్తే ముట్టేది కాదు. "నీకేం తెలుసు, నువ్వేం చేస్తావు" అని అతను ఎంత చెప్పినా ఒకటే మాట: "నా చేత్తో తెచ్చాను వినయ్. మోసుకుని తెచ్చాను." నర్సు వచ్చి, పాప ఏడుస్తోంది, తల్లి వచ్చి ఎత్తుకోండి అంటే, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

తలుపు దగ్గర నిలబడి రత్నమ్మ అది చూసింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చౌడమ్మ పోయి పదేళ్ళు. గిన్నె ఏడుస్తుందన్న సంగతి ఈ ఆసుపత్రి మొత్తంలో ఎరిగినది తనొక్కతే. చెప్తే, ఈ బిడ్డను మళ్ళీ తన ఒళ్ళో పెట్టరు. పెట్టకూడదు కూడా. తనే అయితే పెడుతుందా? కానీ లోపల బిడ్డ ఏడుస్తోంది, తల్లి చేతులు దాచుకుని కూర్చుంది.

పక్క కుర్చీలో కూర్చుని అంది:

"సౌమ్యా. ఆ గిన్నె ఏడవలేదు."

"ఏంటత్తయ్యా?"

"అసలు సత్తు వంచితే ఏడుస్తాది. కిర్రుమంటాది. మాయత్త నేర్పింది నాకు. నువ్వు తెచ్చినపొద్దే కిటికీ దగ్గర నిలబడి వంచి చూసినా. రెండు తట్ల వంచినా. ఏడవలేదు."

సౌమ్య కుర్చీలో ఆమె వైపు తిరిగింది.

"మీకు తెలుసా? సీసమని?"

"అది తెలీదు. ఆ చైతు తోడు, తెలీదు. అసలుది కాదని తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నీ మొగం చూసి చెప్పలేకపోతి తల్లీ. ఎండలో పడి వస్తివి. అంత సంతోషంగా ఉంటివి."

సౌమ్య తిడుతుందేమో, కొడుతుందేమో, ఏదైనా సరే అనుకుంది రత్నమ్మ. సౌమ్య గొంతు మాత్రం చాలా మామూలుగా వచ్చింది.

"చెప్పుంటే తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేసేదాన్ని కదా అత్తయ్యా. వెనక్కి తీసుకోనంటే పారేసేదాన్ని. అంతే కదా."

"అంతే."

"అంతే కదా," అని ఇంకోసారి అని, సౌమ్య లేచింది. వార్డులోకి పోయి, సెలైను గొట్టం అడ్డం వస్తుంటే జాగ్రత్తగా పక్కకు జరిపి, బిడ్డను ఎత్తుకుంది. చైతు ఏడుపు ఆగింది. రత్నమ్మ కుర్చీలోనే కూర్చుంది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

ఇంటికి వచ్చాక సౌమ్య సెలవు పెట్టింది. వంట తనే చేసింది. అన్నీ స్టీలు గిన్నెల్లో. రత్నమ్మ వంటింటి గడపలో కనబడితే, "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాను" అనేది. విసుగు లేదు ఆ మాటలో, కోపం లేదు. వాకిలికి గొళ్ళెం పెట్టిన చప్పుడు మాత్రం ఉంది. చైతు అవ్వ ఒళ్ళోకి పాకితే, కాసేపు చూసి, మందు వేళయిందనో, స్నానమనో వచ్చి తీసుకుపోయేది. వినయ్ తల్లి కళ్ళలోకి చూడటం మానేశాడు. సౌమ్య అతనితో చెప్పిందో లేదో రత్నమ్మ అడగలేదు.

వారం చూసి ఆమే అంది: "కాటన్‌పేటకు పోతానప్పా. ఇల్లు ఉత్తగా పడి ఉండాది."

"ఉండమ్మా," అనలేదు వినయ్. "మెట్రో దాకా దింపుతాను," అన్నాడు.

పెట్టె సర్దుకుంటుంటే అడుగున పాత చీర గుడ్డ మూట చేతికి తగిలింది. చౌడమ్మ గిన్నె కరిగిన ముద్ద. విప్పి చూడలేదు.

గుమ్మం దగ్గర సౌమ్య చైతును చంకనెత్తుకుని నిలబడింది. వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది. "ఫోన్ చేయండి అత్తయ్యా," అంది. తర్వాత ఏమనుకుందో, ఆసుపత్రిలో ఆ మాట విన్న రోజు తర్వాత మొదటిసారి తనంతట తానే బిడ్డను కొంచెం ముందుకు వంచింది. "అవ్వ ఊరెళ్తోంది చైతూ. టాటా చెప్పు."

రత్నమ్మ పెట్టె కింద పెట్టింది. ఆ రెండక్షరాలు ఒక్కసారి విని పోవాలని ఉంది. "చెప్పు తల్లీ. నేనెవురు? అవ్వ. అనూ. అవ్వ."

చైతు పెదాలు కదిలాయి. ఎక్కడో వెతుకుతున్నట్టు కళ్ళు చిట్లించింది. దొరకలేదు. అప్పుడు అవ్వ ముఖం చూసి, వంటింటి వైపు వేలు చూపించి, చిన్న పిడికిలిని గ్లాసులా చేసి నోటి దగ్గర పెట్టుకుని పైకెత్తింది. తాగి, మూతి తుడుచుకున్నట్టు నటించి, మళ్ళీ పిడికిలి ముందుకు చాపింది.

ఇంకా, అని.

సౌమ్య బిడ్డ తలను తన భుజానికి అదిమేసుకుంది. రత్నమ్మ ఎలా లిఫ్టులోకి వెళ్ళిందో ఆమెకే తెలీదు. వినయ్ మీట నొక్కాడు. తలుపులు కలుసుకునేలోపు సందులోంచి, సౌమ్య భుజం మీదుగా ఆ పిడికిలి ఇంకా చాపే ఉండటం కనబడింది. లిఫ్టు కదిలాక పైన చైతు ఏడుపు ఎత్తుకుంది. ఆ ఏడుపు కింది అంతస్తు దాకా, ఒక్కో అంతస్తుకూ సన్నబడుతూ, వినబడుతూనే ఉంది.